పంచాంగంలో రాయని గ్రహణం

పేరూరి విశ్వంభరం మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు దొరకదు, పని తగులుతుంది. ఈ సంగతి బొమ్మరాళ్ల కొండ మీద అందరికీ తెలుసు. నక్షత్రాల దూరం కొలిచేటప్పుడు ఎంత తప్పు రావచ్చని ఒక శిష్యుడు అడిగితే, ఆయన టేపు చేతికిచ్చి వరండా పొడుగు పదిసార్లు కొలవమన్నారు. పదిసార్లకీ పది కొలతలు వచ్చాయి. శిష్యుడు చెమటలు కక్కుతూ లేచేసరికి మాస్టారు లోపల హాయిగా కునుకు తీస్తున్నారట. ఇంకొకాయన విశ్వానికి అంచు ఉందా అని అడిగిన పాపానికి పెరట్లో అరటిచెట్టుకి పాదు తవ్వాల్సి వచ్చింది. దానికీ దీనికీ సంబంధమేమిటో ఆయనకి ఇప్పటికీ తెలీదు. తెలిసిందని మాత్రం అందరితోనూ చెప్పుకుంటాడు.

కొండ మీది ఖగోళశాల గురించి ఒక మాట చెప్పాలి. పాత గోపురం ఇంకా ఉంది గానీ అందులో టెలిస్కోపు అద్దం మసకబారి ఎన్నేళ్లో అయింది, ఇప్పుడక్కడ కోతులు కాపురం పెట్టాయి. కింద రేకుల షెడ్డులో నాలుగు కంప్యూటర్లు, ఒక ఇంటర్నెట్ తీగ, అంతే. చూసేదంతా అంతరిక్షంలో ఉన్న టెలిస్కోపు చూస్తుంది. గాలీ మబ్బూ దుమ్మూ లేని చోట ఉండి, ఆకాశంలో ఒక ముక్కను ఎంచుకుని, డెబ్బై అయిదు రోజులపాటు రెప్ప వేయకుండా చూసి, చూసిందంతా విడతలు విడతలుగా కిందికి పంపుతుంది. అందుకని ఈ కొండ మీది నక్షత్రాలవాళ్లు రాత్రి సుఖంగా నిద్రపోయి, తెల్లారాక కాఫీ తాగి, అప్పుడు తీరిగ్గా నక్షత్రాలు చూడ్డం మొదలుపెడతారు. కొండ కింది ఊరివాళ్లకి ఇదొక పెద్ద హాస్యం.

వాళ్లు వెతికేది గ్రహాల కోసం. ఏ నక్షత్రం ముందు నుంచైనా దాని గ్రహం అడ్డంగా దాటితే, ఆ కాసేపూ వెలుగు పిసరంత తగ్గుతుంది. రోజులవారీగా ఆ వెలుగుని గీతగా గీస్తే అక్కడ చిన్న గుంట పడుతుంది. గ్రహాన్ని కళ్లతో చూసినవాడు లేడు, గుంటను చూసి గ్రహం ఉందంటారు. మిగతా ప్రపంచం దీనికి ఏవేవో పేర్లు పెట్టుకుంది గానీ, మాస్టారి దగ్గర చదివినవాళ్లు గ్రహణమనే అంటారు. పట్టు ఎన్నింటికి, విడుపు ఎన్నింటికి అని పంచాంగంవాళ్లలాగే మాట్లాడుకుంటారు. మాస్టారి అక్కయ్య వరాలమ్మగారు మొదట్లో ఈ మాటలు విని, తమ్ముడు ఇన్నాళ్లకి దారిలో పడ్డాడనుకుని సంతోషించారు.

ఆ శిష్యుల్లో కొప్పనాతి జలజ ఒకతె. ఆమెది బందరు దగ్గర గిలకలదిండి. చుక్కల్ని చూసి పడవ నడిపినవాళ్ల ఇంట్లో పుట్టింది. నాలుగేళ్లుగా కొండ మీద ఉంది. ఆ నాలుగేళ్లలో రెండు గ్రహాలు కనిపెట్టింది, రెండూ పోయాయి. మొదటిది టెలిస్కోపు ఒంటికొచ్చిన వణుకని తేలింది. రెండోది అసలు గ్రహమే కాదు, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు నక్షత్రాలు. రెండుసార్లూ ఆమె తొందరపడి ముందే మిఠాయి పంచింది. ఆ తర్వాత ఎప్పుడు ఏ పొట్లంతో షెడ్డులోకి వచ్చినా, "ఈసారిది ఎన్నాళ్లుంటుందమ్మా?" అని అడగడం అందరికీ అలవాటైపోయింది. ఆమె కూడా వాళ్లతోపాటు నవ్వేది. లోపల ఎంత మండేదో ఆమెకే తెలుసు.

మూడో గ్రహం ముక్కుపుడకది. జాబితాలో ఆ నక్షత్రం పేరు పదకొండు అంకెలు. నారింజ రంగులో చిన్నగా ముద్దుగా ఉందని జలజ దాన్ని ముక్కుపుడక అని పిలుచుకుంది. తొమ్మిదో రోజున ఒక గ్రహణం పడింది, ముప్పై రెండో రోజున ఇంకొకటి. సరిగ్గా ఇరవైమూడు రోజుల ఎడం. గుంటలు తీరుగా, అంచులు కోసినట్టుగా ఉన్నాయి. ఇక యాభై అయిదో రోజున మూడోది పడాలి. మూడు పడితే గ్రహమే, ఈ విద్యలో అది కట్టుబాటు. ఆ మూడోది ఉండే విడత కోసం జలజ నెలరోజులు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసింది.

అంతగా ఎదురుచూడ్డానికి కారణముంది. కొండ మీద ఒక కమిటీ ఉంది. అది ఏడాదికోసారి ఒకే ఒక్క నక్షత్రాన్ని ఎంచి, పెద్ద అద్దమున్న ఇంకో అంతరిక్ష టెలిస్కోపుకి సిఫారసు చేస్తుంది. అది కన్నేసిందంటే ఆ గ్రహం మీద గాలి ఉందా, నీటి ఆవిరి ఉందా అన్నది కూడా తేలిపోతుంది. ఈ ఏటి దరఖాస్తుకి గడువు ఆ విడత వచ్చే రోజు మధ్యాహ్నం పన్నెండు. జలజ పరిశోధన గడువు కూడా ఈ ఏడాదితో సరి. పన్నెండు దాటిపోతే ఆమె గిలకలదిండికి ఉత్తచేతులతో వెళ్లాలి.

విడత ఆ పొద్దున ఆరింటికి వచ్చింది. యాభై అయిదో రోజున గ్రహణం పడింది. కాకపోతే నలభై ఒక్క నిమిషాలు ఆలస్యంగా పడింది.

నలభై నిమిషాలకే అంత గాభరా ఏమిటని మీరనుకోవచ్చు. కొండ కిందికి వెళ్లే బస్సు నలభై నిమిషాలు ఆలస్యమైతే అది వేళకి వచ్చినట్టే లెక్క. గ్రహాల సంగతి అలా కాదు. కోట్ల ఏళ్లుగా ఒకే దారిలో తిరిగేది ఉన్నట్టుండి నలభై ఒక్క నిమిషాలు ఎక్కడ కూర్చుంటుంది? ఆలస్యమైందంటే అది గ్రహం కాదేమోనన్నదే ఎవరికైనా వచ్చే మొదటి అనుమానం. కమిటీలో కూర్చునే నలుగురికీ ఆ అనుమానమే వస్తుందని జలజకి బాగా తెలుసు.

ఆమె ముందు రెండు దారులున్నాయి. ఉన్నది ఉన్నట్టు రాసి మూడో గ్రహాన్ని కూడా పోగొట్టుకోవడం ఒకటి. ఆ పూట టెలిస్కోపు చూపు చెడిందని చెప్పి మూడో గ్రహణాన్ని పక్కన పెట్టేసి, మొదటి రెంటితోనే దరఖాస్తు పంపడం ఇంకొకటి. చూపు చెడడం అప్పుడప్పుడూ జరిగేదే, అలాంటప్పుడు కమిటీ రెంటితోనూ సరిపెట్టుకుంటుంది. అలాంటి గంటల మీద ఎర్ర గుర్తు పెట్టి వదిలేయడం వాళ్లకి రోజువారీ పని. ఒక్క మీట నొక్కితే చాలు, ఎందుకు పెట్టావని అడిగేవాడు ఉండడు. ఆ మీట మీద జలజ వేలు చాలాసేపు ఉండిపోయింది. చివరికి నొక్కలేకా, తీయలేకా, తొమ్మిదిన్నరకి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మాస్టారి క్వార్టర్సుకి పరుగెత్తింది.

మాస్టారు వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. జలజ కూర్చోకుండానే మొదటి నుంచి చివరిదాకా ఏకరువు పెట్టింది. పెట్టి, అడగాల్సింది అడిగింది.

"మాస్టారూ, మూడింట్లో ఒకటి లెక్క తప్పి వస్తే, దాన్ని వదిలేసి మిగతా రెంటినీ నమ్ముకోవచ్చా?"

ఆయన కాయ మీంచి కళ్లు ఎత్తలేదు. "ఇస్త్రీ చేశావా?"

ఇస్త్రీ అన్నది షెడ్డులో పుట్టిన మాట. నక్షత్రం తనంతట తనే కాస్త ఎక్కువా తక్కువా వెలుగుతూ ఉంటుంది, అందుకని దాని గీత నిండా ముడతలే. గ్రహణం రోజుల్ని ముట్టుకోకుండా, మిగతా రోజులన్నిటినీ సాపు చేసేస్తే గుంటలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఈ పనిలో జలజది అందె వేసిన చెయ్యి.

"చేశాను మాస్టారూ. మూడు గ్రహణాలూ వదిలి మిగతాదంతా నున్నగా వచ్చింది."

"గ్రహణాలు మూడూ చూశావు. గ్రహణం లేని రోజులు ఎన్ని చూశావు?"

జలజకి ఆ ప్రశ్న తలకెక్కలేదు. "లేని రోజుల్లో చూడ్డానికి ఏముంటుంది మాస్టారూ?"

మాస్టారు చిక్కుడుకాయల పళ్లెం కింద పెట్టి లేచారు. పని తగలబోతోందని జలజకి అర్థమైపోయింది. గడియారం చూసుకుంది. ఇవాళ కూడానా అని మనసులో ఆయన్ని తిట్టుకుంది కూడా.

"అక్కా, రోకలి ఎక్కడుంది?" అని లోపలికి కేకేశారు మాస్టారు.

వంటింటి వెనక వసారాలో వరాలమ్మగారు కందిపొడికి పప్పు వేయిస్తున్నారు. ఆవిడకి డెబ్బై ఎనిమిది. తమ్ముడు ఖగోళశాలకి పెద్దగా చేసి రిటైరయినా, ఆవిడ లెక్కలో ఇంకా చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకునే పిల్లాడే.

"రోకలితో నీకేం పనిరా? ఏం దంచుతావు?"

"దంచనక్కా. నిలబెడతాం."

రోకలి నిలబెట్టడమంటే ఏమిటో చాలా తెలుగిళ్లలో చెప్పక్కర్లేదు. గ్రహణం పట్టగానే ఇత్తడి పళ్లెంలో పసుపునీళ్లు పోసి, అందులో రోకలిని నిట్టనిలువునా నిలబెడతారు. గ్రహణం ఉన్నంతసేపూ అది ఏ ఆసరా లేకుండా నిలబడుతుందనీ, విడవగానే పడిపోతుందనీ నమ్మకం. వరాలమ్మగారి రోకలికి ఈ విషయంలో కొండంతా పేరుంది. కిందటి సూర్యగ్రహణానికి క్వార్టర్సులో ఉన్నవాళ్లంతా వచ్చి చూసి ఫొటోలు తీసుకున్నారు. అందులో ఖగోళశాస్త్రంలో డాక్టరేటు చేసినవాళ్లు ముగ్గురు. గిలకలదిండిలో నాయనమ్మ కొంగు పట్టుకుని జలజ కూడా ఈ వేడుక చూసింది. కొండెక్కాక ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు, అంతే.

"ఇవాళ గ్రహణమెక్కడిదిరా? ఇన్నేళ్లు ఏం చదివావో ఏమో," అన్నారు వరాలమ్మగారు. "గ్రహణం లేనిరోజు రోకలి నిలబడదు."

"ఎప్పుడైనా నిలబెట్టి చూశావా?"

"నిలబడదని తెలిశాక మళ్లీ నిలబెట్టి చూడ్డమేమిటి, పనీపాటా లేకనా?"

జలజ చటుక్కున తలెత్తింది. ఇందాక వరండాలో తనన్న మాటే అది. గొంతు మారింది, అంతే తేడా.

"నిలబెట్టమ్మా," అన్నారు మాస్టారు, రోకలి ఆమె చేతికిస్తూ.

పళ్లెం వచ్చింది, నీళ్లు వచ్చాయి, వరాలమ్మగారు సణుగుతూనే చిటికెడు పసుపు కూడా వేశారు. మొదటిసారి రోకలి వెళ్లి అప్పడాల డబ్బా మీద పడింది. రెండోసారి మాస్టారి కాలి పక్కనే పడింది. ఆయన కాలు వెనక్కి తీసుకున్నారు. వరాలమ్మగారు మాత్రం చెప్పానా అన్నట్టు చేతులు తిప్పారు. మూడోసారి జలజ ఊపిరి బిగబట్టి, రోకలి అడుగునున్న ఇనప పొన్నును పళ్లెంలో కాస్త అటూ ఇటూ కదిపి, అది కుదురుకుందనిపించాక వేళ్లు ఒక్కొక్కటే వదిలింది. చివరి వేలు కూడా తీసేసింది. రోకలి నిలబడింది.

ముగ్గురూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. గోడ గడియారం పది కొట్టింది. బయట ఎండ మామూలుగానే కాస్తోంది, సూర్యుడికి ఏమీ కాలేదు.

వరాలమ్మగారు ముక్కు మీద వేలేసుకున్నారు. కానీ చిన్ననాటి నుంచి మోసుకొచ్చిన నమ్మకం ఒక్క పూటలో ఓటమి ఒప్పుకుంటుందా? ఆవిడ తేరుకోవడానికి అట్టేసేపు పట్టలేదు.

"అయితే ఇవాళ ఎక్కడో గ్రహణం పట్టే ఉంటుంది," అన్నారు. "పంచాంగంలో రాయలేదు, అంతే."

అని ఊరుకోలేదు. పొయ్యి ఆర్పేశారు. పెరుగు గిన్నె మీదా పచ్చడి జాడీ మీదా దర్భపోచలు వేశారు. విడిచేదాకా ఈ ఇంట్లో ఎవరికీ అన్నం లేదని చెప్పి, జపమాల తీసుకుని గోడకి చేరబడ్డారు.

జలజకి నవ్వు రాలేదు. రెండు మాటలు ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాయి. లేనిరోజు నిలబెట్టి చూశావా అన్నది ఒకటి, పంచాంగంలో రాయని గ్రహణమన్నది ఒకటి. తను కూడా అంతే కదా. గ్రహణం పడుతుందని ముందే రాసుకున్న మూడు రోజులకే వెళ్లి చూసింది. మిగతా డెబ్బై రెండు రోజుల్నీ చూడకుండానే ఇస్త్రీ పెట్టె కింద పడేసింది. వాటిలో ఏముందో ఆమెకి తెలీదు. తెలుసుకుంటే ఉన్నది కూడా పోతుందేమోనన్న భయం ఇప్పుడిప్పుడే మొదలైంది. అయినా ఆగలేదు. అక్కడే, వసారా నేల మీద, రోకలి పక్కన చతికిలబడి ల్యాప్‌టాప్ తెరిచింది. ఇస్త్రీ మొత్తం విప్పేసింది.

గీత ముడతలు ముడతలుగా తెర మీద పరుచుకుంది. ఒకటో రోజు నుంచి మొదలుపెట్టి, వేలు తెర మీద ఆనించి, ముడత ముడతకీ ఆగుతూ చూసుకుంటూ పోయింది. తొమ్మిదో రోజు గ్రహణం, అది తెలిసిందే. పది, పన్నెండు, పదిహేను. పదిహేడో రోజు దగ్గర వేలు నిలిచిపోయింది. అక్కడ గుంట ఉంది. లోతు తక్కువే, ముడతల్లో కలిసిపోయి ఉంది, కానీ గుంటే.

పడకూడని రోజున కూడా గుంట పడుతోందంటే టెలిస్కోపు మళ్లీ వణికిందన్నమాట. అలాంటి వణుకు ఏ రోజైనా వస్తుంది. తన మూడు గ్రహణాలూ ఆ బాపతువే అయ్యుంటాయి. మూడో గ్రహం కూడా పోయింది. షెడ్డులో ఎదురయ్యే మొహాలన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి.

"పోయింది మాస్టారూ," అంది. "లేనిరోజు కూడా నిలబడింది."

మాస్టారు వంగి తెర కేసి చూశారు. అడిగింది ఒక్కటే. "పక్కిళ్లలోనూ నిలబడిందేమో చూశావా?"

జలజకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. వణికింది టెలిస్కోపే అయితే, అదే గంటలో పక్కనున్న నక్షత్రాల గీతలన్నీ వణకాలి. ముక్కుపుడక చుట్టూ ఉన్న పదకొండు నక్షత్రాల్నీ ఒకటొకటిగా తెరిచింది. మొదటిదాంట్లో ఏమీ లేదు. రెండోదాంట్లో లేదు. అయిదోదాంట్లో లేదు. పదకొండోదాంట్లోనూ లేదు. పదిహేడో రోజు ఆ గంటలో వీధి వీధంతా మామూలుగానే ఉంది, ఒక్క ముక్కుపుడక ఇంట్లోనే ఏదో జరిగింది.

మళ్లీ గీత మీదికి పోయి, ముడతలన్నీ దాటుకుంటూ ముందుకి పరుగెత్తింది. ముప్పై రెండు తెలిసిందే, యాభై అయిదు తెలిసిందే. అరవై మూడో రోజున ఇంకో గుంట ఉంది. అంతే లోతు, అంతే వెడల్పు, పట్టు నుంచి విడుపు దాకా అదే పొడుగు. పక్కిళ్లు మళ్లీ చూసింది, అక్కడ ఏమీ లేదు. పదిహేడు, అరవై మూడు. ఇన్ని లెక్కలు చేసిన మనిషి ఆ చిన్న తీసివేతకి వేళ్లు మడిచింది. నలభై ఆరు వచ్చింది. ఇరవైమూడుకి రెట్టింపు.

జలజ లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది.

"మాస్టారూ, ఇంకొకటి ఉంది. రెండో గ్రహం. మనది రెండు చుట్లు తిరిగేసరికి ఇది ఒక చుట్టు తిరుగుతోంది. రెండు చుట్లకోసారి రెండూ ఒకేచోట దగ్గరికొస్తాయి. అక్కడ ఇది దాన్ని లాగుతోంది. అందుకే నలభై ఒక్క నిమిషాలు." మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "నక్షత్రం అంచు ఒరుసుకుంటూ దాటుతోంది, అందుకే గుంటకి లోతు లేదు. ఇస్త్రీ చేసి నేనే నలిపేశాను. మనది ఆలస్యం చేయలేదు మాస్టారూ, దారిలో దాన్ని పట్టుకుని ఆపారు."

సంతోషం పట్టలేక వెళ్లి వరాలమ్మగారి చేతులు రెండూ పట్టేసుకుంది. ఆవిడ జపం లెక్క తప్పింది. "మళ్లీ మొదటి నుంచీ చెయ్యాలి, పిల్లా," అని విసుక్కున్నారు గానీ చేతులు మాత్రం లాక్కోలేదు.

ఆ సంతోషంలోనే జలజకి పొద్దుటి మీట గుర్తొచ్చింది. అది నొక్కేసి ఉంటే మూడు గ్రహణాలు రెండయ్యేవి, ఆలస్యమన్నది కాగితం మీద ఉండేది కాదు, దరఖాస్తు ముచ్చటగా ఉండేది. నేనిక్కడున్నానని ఆ రెండో గ్రహం చెప్పుకున్నది ఆ నలభై ఒక్క నిమిషాల్లోనే. ఆ కాస్త మాటా వినకుండా తనే దాని నోరు నొక్కబోయింది.

"మీకు ముందే తెలుసా మాస్టారూ, రెండోది ఉందని?"

"నాకేం తెలుసమ్మా. రోకలి నిలబడుతుందనే తెలీదు," అన్నారాయన. "యాభై ఏళ్లుగా అక్కని వెక్కిరించడమే గానీ, నేనూ ఎప్పుడూ నిలబెట్టి చూడలేదు." ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో కాస్త సిగ్గు కనిపించింది.

దరఖాస్తు ఆ వసారాలోనే తయారైంది. మూడు గ్రహణాల వేళలూ, నలభై ఒక్క నిమిషాల ఆలస్యంతో సహా, ఉన్నవి ఉన్నట్టు రాసింది. ఆ తర్వాతి పేజీలో రెండో గ్రహాన్ని పెట్టింది. ఫారం చివర, ముందు ముందు గ్రహణాలు ఎప్పుడెప్పుడు పడతాయో రాయమని ఒక గడి ఉంది. ఆ లెక్క ప్రోగ్రాముకి అప్పగించి, అది ఇచ్చిన పట్టికని చదవకుండానే అతికించేసింది. చదివే తీరికెక్కడిది? పన్నెండుకి నాలుగు నిమిషాలుండగా పంపింది.

ఒంటిగంటకి కమిటీ కూర్చుంది. ఇక్కడ ముగ్గురూ ఆకలితో కూర్చున్నారు. రోకలి మాత్రం నిలబడే ఉంది. వరాలమ్మగారు ఓ కన్ను దాని మీద వేసి జపం చేసుకుంటున్నారు. కాస్త మజ్జిగైనా ఇవ్వమని మాస్టారు మెల్లిగా అడిగి చూశారు. ఆవిడ కళ్లతోనే కసిరారు. జలజ వసారాకీ వరండాకీ మధ్య ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు.

రెండింటికి ఫోన్ మోగింది. కమిటీ పెద్ద డాక్టర్ కామాక్షిగారు. మనిషిని మెచ్చుకోవడమంటే ఆవిడకి చచ్చేంత మొహమాటం.

"నలభై ఒక్క నిమిషాలు చూసి ముందు నీ కాగితాలు పక్కన పెట్టేశాం జలజా," అన్నారావిడ. "పెట్టేశాక, ఇంత పెద్ద తప్పుని దాచుకోకుండా ఎవరు రాస్తారని పేజీ తిప్పాం. నీ నక్షత్రాన్నే పంపుతున్నాం."

అవతల ఆవిడ కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"ఇంకో సంగతి. నీ పట్టికలో రెండో గ్రహానికి రాసిన మొదటి తేదీ ఇవాళ్టిదే కదా. పొద్దున తొమ్మిది యాభైకి పట్టు, మధ్యాహ్నం రెండున్నరకి విడుపు. అది ఎలాగూ మనకి దక్కదు. నలభై ఆరు రోజుల తర్వాతది అడుగుదాం, సరేనా?"

సరేనంది జలజ. ఫోన్ పెట్టేసి మళ్లీ వేళ్లు మడిచింది. అరవై మూడు, నలభై ఆరు, నూట తొమ్మిది. టెలిస్కోపు డెబ్బై అయిదో రోజున చూడ్డం ఆపేసి వేరేవైపు తిరిగిపోయి నెల దాటింది. గోడకున్న క్యాలెండరులో వేలుపెట్టి రోజులు లెక్కపెట్టుకుంది. ఇవాళ నూట తొమ్మిదో రోజే. వెనక్కి తిరిగి రోకలి కేసి చూసింది.

"పెద్దమ్మగారూ," అంది. "ఇవాళ నిజంగానే గ్రహణం. ముక్కుపుడకకి. మీరు రోకలి నిలబెట్టమన్నప్పుడు, కాదు, మాస్టారు నిలబెట్టమన్నప్పుడు, పట్టి పది నిమిషాలే అయింది. రెండున్నరకి విడుస్తుంది."

వరాలమ్మగారు ఆశ్చర్యపోలేదు. ఎందుకు ఆశ్చర్యపోతారు, పొద్దున్నే చెప్పారుగా. పావుగంట అటూ ఇటూ కావచ్చని జలజ అంటున్నా వినిపించుకోకుండా, గడియారం పెద్దముల్లు ఆరు మీదికి రాగానే లేచారు. రోకలిని రెండు చేతులా ఎత్తి, తుడిచి, గోడకి చేరవేశారు. దర్భపోచలు తీసేసి, పొయ్యి వెలిగించి, అప్పుడు నడుం మీద చెయ్యి పెట్టుకుని తమ్ముడి వైపు తిరిగారు.

"ఇప్పుడేమంటావురా?"

జలజ కూడా ఆయన కేసే చూసింది. పైకి చెప్పలేదు గానీ, రోకలికి తెలిసిపోయిందేమోనని ఆ నిమిషంలో ఆమెకి గట్టిగానే అనిపించింది. అలా అనిపించడం ఎంతో బావుంది కూడా.

మాస్టారు ఈనెలు తీసిన చిక్కుడుకాయల పళ్లెం అక్క చేతికి అందించారు.

"ఏమంటానక్కా, నిలబడిందిగా," అన్నారు. "రేపు గ్రహణం లేదు కదా. రేపు కూడా ఓసారి నిలబెట్టి చూద్దాం."